నాగమ్మ చూసిన సముద్రం

పోయిన వారం ఈశ్వరిని ఎమ్మిగనూరు బస్టాండులో వదిలాం. కోడుమూరు దగ్గరి పుట్టింటి నుంచి అప్పుడే బస్సు దిగింది. ఏడేళ్లుగా ఆమెకు ఒక అలవాటు. పుట్టింటికి పోయేటప్పుడు బస్సులోనే కొంగుతో బొట్టు తుడుచుకుని, మెడలోని పసుపుతాడు తీసి పర్సులో పెట్టుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఈ బస్టాండులో కొళాయి పక్కన నిలబడి, చేతి అద్దంలో చూసుకుంటూ మళ్లీ బొట్టు పెట్టుకుంటుంది. పుట్టింట్లో ఆమె మొగుడు పోయిన మనిషి. అత్తగారి ఊరు బైలుదొడ్డిలో మాత్రం దూరదేశంలో ఓడ పని చేస్తున్నవాడి ఇల్లాలు.

ఒకే మనిషికి ఈ రెండు బతుకులు ఎట్లా వచ్చాయో, ఈ వారమే కథ చేతపట్టినవారికి నాలుగు మాటల్లో చెప్పాలి. ఏడేళ్ల కింద ఈశ్వరి మొగుడు నాగేంద్ర, ఆమె తమ్ముడు ఉదయ్, ఇద్దరూ మంగళూరు దగ్గర ఒక రేవులో చేపల పడవ మీద కూలికి కుదిరారు. ఒకరోజు గాలివానకు పడవ మునిగింది. ఉదయ్ శవం మూడో నాటికి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నాగేంద్ర దొరకలేదు. సరిగ్గా పడవ మునిగిన రోజే నాగేంద్ర తల్లి నాగమ్మకు కర్నూలులో గుండె ఆపరేషన్ జరిగింది. ఈ కబురు చెవిన పడితే మనిషి దక్కదన్నారు డాక్టర్లు. నాగమ్మ మరిది జయన్న వీధివాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక మాట కట్టాడు. నాగేంద్ర ఆ పొద్దు పడవ ఎక్కలేదు. బతికిపోయాడు. ఆ రేవంటే భయం పుట్టి పెద్ద ఓడలో పనికి కుదిరి దూరదేశం వెళ్లాడు. నెలకోసారి జయన్న తన ఫోను చెవిన పెట్టుకుని వచ్చి, "వదినా, ఇప్పుడే మాట్లాడినాడు, బాగుండాడంట" అని చెప్పి పోతాడు. వారం పది రోజులకు తీరుతుందనుకున్న అబద్ధం ఏడేళ్లు నడిచింది.

ఇప్పుడు ఈశ్వరికి ముప్పై ఒకటి. ఎమ్మిగనూరులో రెడీమేడ్ బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే ప్రేమ్ కుమార్ ఆమెను పెళ్లి చేసుకుంటానన్నాడు. రెండేళ్లు ఆలోచించి ఆమె సరేనంది. ఏడేళ్లు ఆచూకీ లేని మనిషిని పోయినట్టే ఎంచవచ్చని కోర్టు కాగితం చేతికొచ్చింది. సోమవారం ఆదోనిలో రిజిస్టరు పెళ్లి. పుట్టింట్లో తల్లి ఒప్పుకుంది. ఇక నాగమ్మకు చెప్పాలి. నీ కొడుకు లేడని చెప్పాలి, నీ కోడలు కూడా వెళ్లిపోతోందని చెప్పాలి.

శనివారం మధ్యాహ్నం ఆ కొళాయి పక్కన ఈశ్వరి అద్దం తీసింది. ఉత్త నుదురు చూసుకుంది. తిలకం సీసా మూత తీయలేదు. అద్దం పర్సులో పడేసి ఆదోని బస్సు ఎక్కింది.

•

బైలుదొడ్డిలో మధ్యాహ్నం రెండు గంటలకు నాగమ్మ ఇల్లు నిండిపోతుంది. పత్తి తీతకు పోయిన ఆడవాళ్లు ఒంటిపూట పని ముగించుకుని, కాళ్లు కడుక్కుని, తలకు చుట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా వచ్చి టీవీ ముందు కూర్చుంటారు. ఆ వేళకు తెలుగులో మాట్లాడే కొరియా సీరియల్ వస్తుంది. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ ఊరి ముసలివాళ్లు నల్లటి బట్టలు తొడుక్కుని, ఊపిరి బిగపట్టి నీళ్లలోకి మునిగి గవ్వలూ నాచూ ఏరుకొస్తారు. బైలుదొడ్డిలో సముద్రం చూసిన ఆడమనిషి లేదు. అయినా ఆ ఊరు వాళ్లకు కొత్త అనిపించలేదు. మిరపకాయలు ఆరబోసినట్టు చేపలు ఆరబోస్తారు. ఒక గోడ మీదుగా ఇంకో ఇంటిని తిట్టుకుంటారు. తిట్టుకున్న గంటకే గిన్నెలో కూర పట్టుకుపోతారు.

"మన ఊరే ఇది. నీళ్లు పెట్టినారు, అంతే" అంది నాగమ్మ మొదటి రోజే.

"మాటలే తిక్కగుండాయి" అనేది పక్కింటి తిక్కయ్య పెళ్లాం. "ఆ ముసిల్ది బెజవాడలో సదువుకున్యట్ల మాట్లాడతాది సూడు."

ఆ ముసలామె పేరు ఎవరికీ నోరు తిరగలేదు. సముద్రపు అవ్వ అని పిలుచుకున్నారు. రెండు వారాల కిందటిదాకా ఆ గదిలో నవ్వులే నవ్వులు. తర్వాత కథ మలుపు తిరిగింది. అవ్వ కొడుకు ఎక్కిన పడవ మునిగిపోయింది. అవ్వకు ఒంట్లో బాగాలేదని ఊరివాళ్లు ఆ సంగతి దాచారు. కథలో మూడేళ్లు గడిచినా, కొడుకు దూరం ఓడలో ఉన్నాడనే చెప్పుకొస్తున్నారు.

ఆ రోజు నుంచి నాగమ్మ ఇంట్లో ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. సీరియల్ మానేద్దామని తిక్కయ్య పెళ్లాం రెండుసార్లు చాటుగా అంది. మానేస్తే నాగమ్మకు అనుమానం వస్తుందని మిగతావాళ్లు భయపడ్డారు. నాగమ్మ మాత్రం రెండు కాకముందే టీవీ పెట్టి, చాప పరిచి, గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది.

ఈశ్వరి గుమ్మంలో అడుగు పెట్టేసరికి టీవీలో అవ్వ ఇంటి ముందు ఊరంతా కూర్చుని క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తోంది. గదిలో అందరికంటే ముందు ఈశ్వరి నుదురు చూసింది ప్రేమలత. ప్రేమలత ప్రేమ్ కుమార్‌కు అక్క. ఆమె మొగుడు సీమోను చర్చిలో గంట కొడతాడు. ఎదురింట్లోనే కాపురం. ఈశ్వరి ఇవాళ చెప్పబోతోందని ఆమెకు తెలుసు. అందుకే నాగమ్మ గుండె మాత్రల అట్ట గూట్లోంచి తీసి గుప్పిట్లో పెట్టుకుని, ఆమె పక్కనే జాగా చూసుకుని కూర్చుంది.

నాగమ్మ తల తిప్పింది. కోడలి నుదురు చూసింది. తర్వాత మెడ చూసింది.  చాప మీద కొద్దిగా జరిగింది.

"కూర్సో" అంది. "అవ్వ కాడికి అందరూ వచ్చినారు."

టీవీలో అవ్వ లేచి లోపలికి పోయింది. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో చారు తెచ్చి ఖాళీ జాగాలో పెట్టింది. ఇవాళ నా కొడుకు పుట్టినరోజు అంది. ఊరివాళ్లలో ఒకామె గబగబా, వాడు ఫోను చేశాడు, అక్కడే కేకు కోసుకున్నాడట అని మొదలుపెట్టింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "చాలమ్మా. ఇన్నాళ్లూ బాగా చూసుకున్నారు. నేను అడక్కుండానే మీరంతా చేపలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టిన రోజే నాకు తెలిసిపోయింది."

ఉప్పు చేతులతోనే ఆ ఊరి ఆడవాళ్లంతా ఏడ్చారు. బైలుదొడ్డి ఆడవాళ్లు ఏడవలేదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. ఏడేళ్లుగా వాళ్లు కూడా నాగమ్మ అడక్కుండానే నీళ్లు పట్టి పెడుతున్నారు, రొట్టెలు చేసినప్పుడు రెండు తెచ్చి ఇస్తున్నారు.

ప్రకటనలు మొదలయ్యాయి. నాగమ్మ రిమోటు తీసుకుని శబ్దం తగ్గించింది.

"ఆ అవ్వ మూడేండ్లకే బయటపడింది" అంది. "నాకంటే ధైర్యముండాది దానికి."

ఈశ్వరి చాప మీంచి లేచి అత్త ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అత్తా, నీ కొడుకు ల్యాడు. ఆ పడవలోనే పోయినాడు. నీ పానం కోసరం మేమంతా దాసినాము."

ప్రేమలత చెయ్యి నాగమ్మ వీపు మీదికి పోయింది. తిక్కయ్య పెళ్లాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరూ నాగమ్మ ముఖం వైపే చూస్తున్నారు. ఆ ముఖంలో ఏమీ కదలలేదు. ఆమె చెయ్యి చాచి కోడలి తల నిమిరింది.

"మీరు అట్ల అనుకుంటాండారని నాకి తెలుసులే. శానా దినాలుగా తెలుసు. మీరు సేసింది నా మంచికే. ఎవురి మీదా నాకి కోపం ల్యాదు."

తిక్కయ్య పెళ్లాం భోరుమంది. ఇంకో ఇద్దరు నాగమ్మ కాళ్లు పట్టుకున్నారు. ఏడేళ్ల బరువు దిగినట్టయింది వాళ్లకు. ఒక్క ఈశ్వరికే దిగలేదు. అత్త మాటలో ఏదో చిన్న మెలిక ఆమెకు తగిలింది. మీరు అట్ల అనుకుంటాండారని, అంది. కొడుకు పోయాడని తెలుసు అనలేదు. ఏడవనూ లేదు. అయినా చెప్పాల్సింది ఇంకా ఉంది కాబట్టి ఆగలేదు.

"ఇంగొగ మాట కూడా సెప్పాల. సోమవారం నేను రిజిస్టరు పెండ్లి సేసుకుంటాండా. ప్రేమ్ కుమార్‌ని. నిన్ను ఇడిసిపెట్టి పోను. ఎమ్మిగనూరులో ఇల్లు సూసినాము. నీకి ఒగ అర్ర ఉండాది. నువ్వు కూడా రావాల."

అప్పుడు కదిలింది నాగమ్మ. చేతిలో రిమోటు జారి నేల మీద పడింది.

"సోమవారమా? ఎల్లుండే?"

"ఊ."

"కాకూడదు." ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆ పెండ్లి కాకూడదు ఈశ్వరీ."

ఇంతసేపూ వీపు నిమురుతున్న ప్రేమలత చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు కాకూడదు పెద్దమ్మా? ఏడేండ్లు నీ కోసరం దొంగ బొట్టు పెట్టుకొని తిరిగింది అది. ఇంగెంత కాలం? మేము చర్చికి పోయేటోళ్లమని అంటాండావా?"

"అది కాదు ప్రేమా."

"మడేంది? సెప్పు, నా తమ్మునిలో ఏం తక్కువ సూసినావు?"

"నీ తమ్ముడు బంగారం. నాకి తెల్దా?" నాగమ్మ రెండు చేతులూ చాప మీద ఆనించి, గదిలో ఉన్న అందరినీ ఒక్కసారి చూసింది. "నా కొడుకు బతికే ఉండాడు."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముసలామెకు మతి చలించిందనుకుని తిక్కయ్య పెళ్లాం గబుక్కున నీళ్ల చెంబు అందుకుంది. ప్రేమలత మాత్రల అట్ట చింపింది. నాగమ్మ రెండింటినీ పక్కకు నెట్టేసింది.

"నాకి ఏమీ కాల్యా. వాడు బతికే ఉండాడు. మొన్న దసరాకి సూసినా. నెల కూడా కాల్యా. మీరంతా బయటికి పోండి. ఇది నా కోడలికి సెప్పాల."

ఆడవాళ్లు లేచారు. ప్రేమలత లేవలేదు. "ఇది నా తమ్ముని బతుకు కూడా పెద్దమ్మా" అంది. నాగమ్మ కాదనలేదు.

•

దేవరగట్టు దసరాకు నాగమ్మ ఏటా పోతుంది. కర్రల సమరం అయిపోయాక, తెల్లారి మాళమల్లేశ్వరుడి దర్శనం చేసుకుని, పసుపు బండారు కొంగున కట్టుకుని వస్తుంది. పడవ మునిగిన రెండేళ్లకు, ఆపరేషన్ తర్వాత మొదటిసారి అట్లా పోయింది.

"గట్టు దిగుతాంటి. టీ బండి కాడ ఒగ మనిషి గడ్డం పెంచుకొని నన్నే సూస్తా నిలబడినాడు. పక్కకు తిరిగి నడిసినాడు. కుడికాలు రవంత ఈడుస్తాడు గద, దాన్ని సూసి పట్టుకుంటి. యామిరా, ఓడ దిగి వచ్చినావా అని అడిగితి. యా ఓడ మా అనె. అప్పుడు తెలిసింది నాకి, మీరంతా వాడు సచ్చిపోయినాడని అనుకుంటాండారని."

  ప్రేమలత వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఐదేండ్లు. ఐదేండ్లుగా నీకి తెలుసు."

"తెలుసు."

"ఇప్పుడు యాడుండాడు?"

"సిరుగుప్పలో. వడ్ల మిల్లులో పని సేస్తాండాడు."

సిరుగుప్ప. కర్ణాటకలో ఉంది, కానీ ఆదోనిలో బస్సెక్కితే గంటన్నరే. ఈశ్వరి షెడ్డులో కుట్టిన స్కూలు నిక్కర్ల మూటలు వారానికోసారి ఆ ఊరికి పోతాయి. మూటల మీద ఊరి పేరు ఆమే రాస్తుంది.

"బండారు నా సేతిలో పోసి ఒట్టు పెట్టించుకున్యాడు" అంది నాగమ్మ. "ఎవురికీ సెప్పొద్దు, సచ్చిపోయినట్లే ఉండనీ అనె. ఏటా ఆ టీ బండి కాడికి వస్తాడు. నాకి ఇంత సూపు, వానికి ఇంత సూపు. అంతే. పెండ్లాం గిండ్లాం ఎవురూ ల్యారు. ఒగడే ఉంటాడు."

"ఎందుకు?" అంది ఈశ్వరి. "నేనేం సేస్తి? నన్ను ఎందుకు ఇడిసిపెట్టినాడు?"

నాగమ్మ కోడలి కళ్లలోకి చూడలేక శబ్దం తగ్గించిన టీవీ వైపు చూసింది. "నీ ముఖం సూడల్యాక. ఆ పొద్దు వాడు పడవ ఎక్కల్యా. వాని బదులు ఉదయ్ పోయినాడు."

ఈశ్వరి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

"వాడు తాగి పండుకున్యాడంట" అంది నాగమ్మ. "ల్యావల్యాక బామ్మర్దిని పంపినాడంట."

ఉదయ్‌కు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఈత రాదు. బావ ఉన్నాడన్న ధైర్యంతోనే తల్లి వాణ్ని రేవుకు పంపింది. శవం వచ్చిన రోజు తల్లి నేల మీద పొర్లి ఏడుస్తుంటే ఈశ్వరికి దొరికిన ఓదార్పు ఒక్కటే. "బావ పక్కనే ఉన్యాడు లేమ్మా. వాడు ఒంటరిగా పోల్యా. సెయ్యి పట్టుకునే ఉంటాడు" అని చెప్పింది. ఏడేళ్లుగా ప్రతిసారీ ఆ మాటే చెబుతోంది. నిన్న కూడా చెప్పింది. తనూ ఆ మాట నమ్ముకునే నిద్రపోయింది.

"ఒగడే పోయినాడా నా తమ్ముడు?" అంది. "మనోళ్లు ఎవురూ ల్యారా పక్కన?"

 ప్రేమలత ముఖం పక్కకు తిప్పుకుంది.

 టీవీలో సీరియల్ మళ్లీ మొదలై, ముగిసి, వంటల కార్యక్రమం ఏదో వస్తోంది.

"నా బొట్టు సూసినప్పుడు నీకి ఏమనిపిస్తాండె అత్తా?" అని అడిగింది ఈశ్వరి చివరికి. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాగమ్మ తట్టుకునేదేమో.

"నిజం బొట్టే గదా అనుకుంటాంటి" అంది ముసలామె. "మొగుడు బతికుండాడు, బొట్టు పెట్టుకుంటాంది, అది నిజమే గదా అని నా మనసుకి సెప్పుకుంటి."

"నేను అబద్ధమనుకొని పెట్టుకుంటి. రోజూ అద్దం ముందర సిగ్గుతో సచ్చిపోతాంటి."

"నేను సెప్పింటే నువ్వు వాని కాడికి పోతావు. ఉదయ్ సంగతి అడుగుతావు. వాడు మల్లా యాడికో పారిపోతాడు. ఏడాదికి ఒగపారి సూసే ముఖం, అది కూడా పోతాది. నా స్వార్థమే ఈశ్వరీ. నేను మంచిదాన్ని కాదు." నాగమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. "ఇప్పుడు కూడా సెప్పకపోదును. మొగుడుండగా నీకి ఇంగొగ పెండ్లి జరిగిపోయి, రేపు వాడు బయటపడితే? నిన్ను నలుగురు ఏమంటారు? ఆ పిల్లోని గతేంది? అందుకే నోరు ఇప్పితి."

ప్రేమలత లేచింది. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "సర్లే. సెప్పినావు. ఏడేండ్లకి సెప్పినావు." గుప్పిట్లో నలిగిన మాత్రల అట్ట గూట్లో పెట్టేసి, గుమ్మం దగ్గర ఆగింది. "ఈశ్వరీ, నా తమ్మునికి నువ్వే సెప్పు. వాడు ఇంగొగరి నోట ఇనకూడదు."

నాగమ్మ ఫోను కోసం తడుముకుంది. "ఆపదకని వాడిచ్చిన నంబరు ఉండాది. వానికి ఫోన్ సేస్తా. వచ్చి నీ కాళ్లు పట్టుకోమంటా."

"వద్దు." ఈశ్వరి ఆ ఫోను అత్త చేతిలోంచి తీసుకుంది. "ఫోన్ సేస్తే పారిపోతాడు. నేనే పోతా. రేపు."

"నేనూ వస్తా."

"నువ్వు రావొద్దు అత్తా. నువ్వొస్తే నీ కొంగు సాటున నిలబడతాడు. నా ముందర నిలబడాల."

సాయంత్రం మిద్దె మెట్ల మీద కూర్చుని ఈశ్వరి ప్రేమ్ కుమార్‌కు ఫోనులో అంతా చెప్పింది. అవతల షెడ్డులో మిషన్ల చప్పుడు వినబడుతోంది. ఆమె ముగించాక కూడా ఆ చప్పుడే వినబడింది. వింటున్నావా అని రెండుసార్లు అడిగింది.

"ఇంటాండా" అన్నాడు.  "నువ్వు వాన్ని సూసినాక ఏమనుకుంటావో నాకి తెల్దు ఈశ్వరీ. ఏమనుకున్యా సరే. ఒగదానివే పోవొద్దు. నేను గేటు బయట ఉంటా. లోపలికి రాను."

•

ఆదివారం పదిన్నరకు సిరుగుప్ప బస్టాండులో దిగారు. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మిల్లు ఊరికి ఈ చివర, తుంగభద్ర కాలువ పక్కన ఉంది. ఉడికించిన వడ్లు పెద్ద గచ్చు మీద ఆరబోశారు. ఆ వేడి వాసన రోడ్డు దాకా వస్తోంది. చెప్పినట్టే ప్రేమ్ కుమార్ గేటుకు ఎదురుగా చెట్టు నీడన ఆగిపోయాడు.

"యారు బేకమ్మా?" ఎవరు కావాలని అడిగాడు గేటు దగ్గరి మనిషి.

"నాగేంద్ర. బైలుదొడ్డి నాగేంద్ర."

ఆ పేరుగలవాడు ఈ మిల్లులో లేడన్నాడు అతను కన్నడంలో.  కుడికాలు కొద్దిగా ఈడుస్తాడని, గడ్డం ఉంటుందని, ఆదోని వైపు మనిషని వచ్చీరాని కన్నడంలో చెప్పింది. గేటు మనిషి ముఖం విప్పారింది.

"ఓ, ఉదయణ్ణా?" అని, గచ్చు వైపు తిరిగి, ఊరి నుంచి ఎవరో వచ్చారని గట్టిగా కేక వేశాడు. "ఉదయణ్ణా! ఊరింద యారో బందారె!"

తమ్ముడి పేరు ఆ గచ్చు మీద అట్లా మోగుతుంటే ఈశ్వరి గేటు ఇనుప కమ్మీ పట్టుకుంది.

వడ్లు తిరగేస్తున్న నలుగురిలోంచి ఒక మనిషి తల ఎత్తాడు. మనిషి సగానికి తగ్గిపోయాడు. గడ్డం నెరిసింది. ఆమెను గుర్తుపట్టాక పారిపోలేదు. చేతిలోని కర్ర పార జాగ్రత్తగా కింద పెట్టి, కాలీడ్చుకుంటూ వచ్చి, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె ఉత్త నుదురు చూసి తల దించుకున్నాడు.

"నా తమ్ముని పేరు నీకెందుకు?" అంది ఈశ్వరి. మొగుణ్ని చూస్తే అడగాలని ఏడేళ్లలో ఎన్ని అనుకుందో, వాటిలో ఈ ప్రశ్న లేదు.

"పని కావాలంటే గుర్తింపు కార్డు అడిగినారు. రూములో వాని కార్డు మిగిలె. నా పేరుతో బతకల్యాకపోతి." అతను వడ్ల దుమ్ము పట్టిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "వాడు పోయినాడని నన్నెవురూ మర్సిపోనీకూడదనుకుంటి. రోజుకి ఇరవైసార్లు ఆ పేరుతో పిలుస్తారు. ప్రతిసారీ గుచ్చుకుంటాది."

"తాగి పండుకొని వాన్ని పంపినావు. ఈత రాదని తెలుసు నీకి. ఇప్పుడు గుచ్చుకుంటే ఏం లాభం?"

నాగేంద్ర తల ఎత్తాడు. "తాగి పండుకుంటినా? ఎవురు సెప్పినారు?"

"మీ అమ్మే."

అతను గచ్చు వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు చూశాడు.  ఈశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది.

"సెప్పు. నా ముఖం సూసి సెప్పు."

"ఆ పొద్దు నేను తాగల్యా" అన్నాడు. "తెల్లారితో పడవ కాడికి పోయినా. ఒగ కాలు పడవలో పెట్టినా కూడా. అప్పుడు ఫోన్ వచ్చె. అమ్మ. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతాండారంట. ఏడుస్తాండె. ఈ పొద్దు నువ్వు నీళ్ల మీదికి పోవొద్దు నాయనా, నువ్వు నీళ్ల మీద ఉండావంటే నా పానం నిలబడదు అనె. పోకపోతే పని పోతాదిమా అంటి." అతను పడవలో పెట్టిన కాలి వైపు చూసుకున్నాడు. "నీ బామ్మర్దిని పంపు, ఒగ పొద్దే గదా అనె. పంపితి. ఆ మాట నీకి తెలిస్తే అమ్మని ఇంట్లో ఉండనిస్తావా? ఆమెని సూసుకునేదానివి నువ్వొగదానివే. అందుకే నేనే సచ్చిపోయినట్ల ఉండిపోతి."

 నిన్న టీవీ వైపు ముఖం తిప్పుకుని చెప్పిన ముసలామె ఈశ్వరి కళ్ల ముందు నిలిచింది. ఆ గుండెను కాపాడటానికే ఊరంతా ఏడేళ్లు నోరు మూసుకుంది.

ఆమె పర్సులో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. జయన్న.

"యాడుండావమ్మీ?" అవతల అతను రొప్పుతున్నాడు. "మీ అత్త ఇంట్లో ల్యాదు. మాత్రలు కూడా ఈడనే ఇడిసిపెట్టి పోయింది. నువ్వు ఇంట్లోంచి పోతానే కోడుమూరు బస్సెక్కిందంట. యాడికవ్వా అని కండక్టరు అడిగితే, ఉదయ్ వాళ్లమ్మ కాడికి, ఆమెకి ఒగ మాట సెప్పాల అనిందంట."